ఇంటి చదువునకు కళాశాల వాకిలి



జ్యేష్ఠమాసపు తొలి దినములలో మా నూజివీటి ప్రాంతమున ఏ యింటి వసారాలో చూచినను వరిగడ్డిలో మాగవేసిన రసముల సువాసనయే. అట్టి యొక సాయంకాలమున మా పొరుగు తోట యిల్లాలు చేత నొక గంపతోను, వెంట తన కుమార్తెతోను మా యింటికి వచ్చినది. గంప దించి, చెమట తుడుచుకొని, కుశలప్రశ్నలైన పిమ్మట ఆమె మెల్లగా అసలు మాట చెప్పినది.

"వదినగారూ, మా పిల్లకు ఈ యేటితో పదునాలుగేండ్లు నిండినవి. అయిదవ తరగతి పిమ్మట ఉబ్బసము వలన బడి మాన్పించితిమి. ఇంటనే చదువుకొన్నది. ఇప్పుడు తోటల చదువు చదివెదనని పట్టుపట్టినది. ఇన్నేండ్లు బడి మొగము చూడని పిల్లకు కాలేజీలో చోటిచ్చెదరా?"

అమ్మాయి ద్వారబంధమున కానుకొని నేల చూచుచు నిలిచియున్నది. దగ్గరకు పిలిచి, నాకు తెలిసినంతలో తోటను గూర్చి రెండు ప్రశ్నలు వేసితిని. అంతట ఆ పిల్ల కన్నులు వెలిగినవి. టెంకనుండి మొలిచిన మొక్క తల్లిచెట్టు గుణమును తప్పక తెచ్చునను నమ్మకము లేదనియు, అందుచేతనే అంటు కట్టవలసి వచ్చుననియు, పూతకాలమున తేనెమంచు పురుగు పట్టినచో కాపు ఎట్లు చెడునో ఆ సంగతియు తడబడక చెప్పినది. మూడేండ్లుగా ఏ చెట్టు ఏ దినమున పూత పట్టినదో, ఎన్ని పిందెలు రాలినవో వ్రాసికొనిన నోటుపుస్తకము చూపినది. చూచి మురిసితిని. కాని ఆ పిల్ల చదువునకు సాక్ష్యముగా, ఆ పుస్తకము తప్ప, మరియొక కాగితము ముక్క ఆ యింట లేదు. అప్పుడు నాకు నా కథ జ్ఞప్తికి వచ్చినది. దానిని మీతో చెప్పుకొనుటకు సిగ్గుపడను.

నేనును ఇంటి చదువు దాననే. మా తాతగారు నా కయిదవ యేట అక్షరాభ్యాసము చేసి, అమరము వల్లె వేయించి, రఘువంశమును, ఆంధ్ర మహాభారతమును, ప్రబంధములను తామే పాఠము చెప్పిరి. పరీక్షలనిన వారికి చులకన. "సరస్వతికి ముద్ర వేయువారెవరే, అమ్మాయీ!" అని నవ్వెడివారు. ఆ నవ్వులో నేనును పాలుపంచుకొంటిని. 2006లో, నాకు పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట, తెలుగు ప్రధానముగా బి.ఏ. చదువవలెనను కోరిక పుట్టినది. తాతగారు ఉత్తరీయము వేసికొని, నన్ను వెంటబెట్టుకొని ఒక కళాశాలకు వచ్చిరి.

అచ్చటి గుమాస్తా మర్యాదస్థుడే. దరఖాస్తు చేతికిచ్చి, పదవ తరగతి సంఖ్యయు, ఇంటర్మీడియెటు సంఖ్యయు వ్రాయుమనెను. ఆ రెండు గడులు ఖాళీగనే యున్నవి. తాతగారు నేను చదివిన గ్రంథములను ఒక్కొక్కటిగా చెప్పనారంభించిరి. అతడు ఓపికతో విని, "అన్నియు మంచివే, పంతులుగారూ. ఇవి ఏ యే సంవత్సరములలో ఉత్తీర్ణురాలైనది?" అని అడిగెను. శతాధిక పద్యములు ధారగా చదువగల ఆ వృద్ధుడు ఆ యొక్క ప్రశ్నకు బదులు చెప్పలేక నిలిచిపోయెను. తిరుగుదారిలో బస్సులో మే మిరువురము మాటాడుకొనలేదు. నాకు చోటు దొరకనందులకంటె, వారి తల వంగుట చూచినందులకు నేనెక్కువ దుఃఖించితిని.

పిమ్మట ఓపెన్ స్కూలు ద్వారా పదవ తరగతికి కట్టితిని. లెక్కలలో మొదటిసారి తప్పితిని కూడ. 2008లో పది, 2010లో ఇంటరు ముగించి, వివాహమైన పిమ్మట చంటిబిడ్డను ఒడిలో నుంచుకొని దూరవిద్య ద్వారా బి.ఏ. ముగించునప్పటికి 2014 వచ్చినది. తాతగారు చూచినది నా పదవ తరగతి మార్కుల పత్రమును మాత్రమే. దానిని వారు తమ భారతము ప్రతిలో, శాంతిపర్వపు పుటల నడుమ దాచిరి. 2009లో వారు గతించిన పిమ్మట పుస్తకము తీసి చూచినప్పుడు నాకా సంగతి తెలిసినది.

నాడు తప్పెవరిది? కళాశాలది కాదు. ముందుగా తెలిసికొనవలసిన సంగతిని తెలిసికొనని మా యింటిదే తప్పు. మా మామిడి సంతలో కాటా యున్నది గదా! కాటా తీపిని తూచదు. బరువును మాత్రమే తూచును. అయినను కాటా యెక్కని పండు సంత దాటి పోదు. పరీక్షయు నట్టిదే. చదువు ఇంటిలో జరుగవచ్చును గాని, దాని సాక్ష్యము మాత్రము ఇంటిలో పుట్టదు. దానిని బయట నుండి, సకాలమున సంపాదించుకొనవలెను. ఈ మాసమున నేను చెప్పదలచినది ఈ యొక్క మాటయే.

మన పెద్దల చరిత్రయు నిదే చెప్పుచున్నది. భండారు అచ్చమాంబగారు 1874లో జన్మించిరి. బడికి పోకయే, తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి సాయమున ఇంటనే విద్య నేర్చి, "అబలా సచ్చరిత్ర రత్నమాల" రచించిరి. ఆ తమ్ముడు కలకత్తా విశ్వవిద్యాలయపు ఎం.ఏ. పరీక్షకు ప్రయివేటుగనే కూర్చుండిరి. ఒకే యింటి విద్యయైనను తమ్మునికి పరీక్షాద్వారము తెరచియున్నది. అక్కగారికి ఆ దినములలో అట్టి ద్వారమున్నదను తలంపే యెవరికిని లేదు. ఆమె 1905లో, చిన్నవయస్సుననే పరమపదించిరి.

ఒక తరము గడచిన పిమ్మట దుర్గాబాయిగారి వంతు వచ్చినది. 1909లో రాజమహేంద్రవరమున పుట్టిన ఆమె, ఆంగ్లమే బోధనాభాషయైన బడిని చిన్ననాడే విడిచి, హిందీ నేర్చి, బాలికలకు హిందీ పాఠశాల నడపిరి. ఉప్పు సత్యాగ్రహముతో మొదలుకొని పలుమారులు చెరసాలకు పోయి వచ్చిన పిమ్మట, ఇరువదియేండ్లు దాటిన వయస్సున చదువు మరల ప్రారంభించి, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్ పరీక్షకు ఇంట చదివి కూర్చుండిరి. అటుపై ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరబోగా, స్త్రీలకు వసతిగృహము లేదన్న అడ్డంకి వచ్చినది. ఆమె వెనుదిరుగక, పత్రికలో ప్రకటించి, తనవలెనే చోటు లేక నిలిచిపోయిన యువతులను కూర్చుకొని, వసతిని తామే యేర్పరచుకొనిరి. 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టము పొందిరి. 1946లో రాజ్యాంగసభలో సభ్యురాలైరి.

ఆమె తన దారి తాను చూచుకొని ఊరకుండలేదు. 1937లో మద్రాసున స్థాపించిన ఆంధ్రమహిళా సభలో, బడి మానిన స్త్రీలను ఆ కాశీ మెట్రిక్ పరీక్షకే తయారు చేయించిరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి అధ్యక్షురాలైన పిమ్మట, 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమము దేశమంతట మొదలైనది. ఇంట చదివినవారు బయటి పరీక్షకు కూర్చుండుట ఒక సానుభూతి కాదు, హక్కు అని మనకు నేర్పినవారు ఆమె.

ఇక నేటి మాట. నేటి యింటి చదువరికి దారి స్పష్టముగనే యున్నది; దానిని ఆలస్యముగా తెలిసికొనుటయే ప్రమాదము.

మొదట చట్టము. 2009లో చేసి, 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలుపరచిన ఉచిత నిర్బంధ విద్యాచట్టము ఆరునుండి పదునాలుగేండ్ల బాలబాలికలకు సంబంధించినది. పిల్లను బడిలో చేర్చుట తలిదండ్రుల కర్తవ్యమని అది చెప్పుచున్నది. మధ్యలో మానిన పిల్లను, వయస్సునకు తగిన తరగతిలోనే మరల చేర్చుకొనవలెనని కూడ చెప్పుచున్నది. కావున పదునాలుగేండ్లలోపు పిల్లకు ఆరోగ్యము కుదురుకొన్నచో బడిత్రోవయు తెరచియే యున్నది. ఆ సంగతి మరువవలదు.

పదునాలుగు నిండిన పిల్లకు రెండు సంస్థలు ముఖ్యములు. ఒకటి, కేంద్రప్రభుత్వము 1989లో స్థాపించిన జాతీయ ఓపెన్ స్కూలు. 2002నుండి దానికి జాతీయ సార్వత్రిక విద్యాపీఠమని పేరు. రెండవది, 1991లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూలు. రెండింటను పదవ తరగతికిని, ఇంటర్మీడియెటునకును సమానమైన పరీక్షలున్నవి. జాతీయ సంస్థలో పదికి పదునాలుగేండ్లు, పై పరీక్షకు పదునైదేండ్లు నిండవలెను. ముందు బడి చదువు లేనివారు, ఈ తరగతి చదువగలనని స్వయముగా వ్రాసియిచ్చు ప్రకటనయు, పుట్టినతేదీ ధ్రువపత్రమును చాలును. "బడి మొగము చూడని పిల్ల" అను తల్లుల భయమునకు ఇదియే జవాబు.

అయిదు విషయములు తీసికొనవలెను. అందొక భాషయైనను ఉండవలెను. తెలుగు మాధ్యమమునను పది వ్రాయవచ్చును. పాఠ్యపుస్తకములను సంస్థయే యిచ్చును. నావంటి సంప్రదాయపు చదువువారికి సంస్కృత సాహిత్యము, సంస్కృత వ్యాకరణము, భారతీయ దర్శనము కూడ విషయములుగా నున్నవి. నేను చదువునాటికి ఈ సదుపాయము నాకు దొరకలేదు. అన్ని విషయములును ఒక్కమారే వ్రాయవలెనను నిర్బంధము లేదు. అయిదేండ్ల గడువులో తొమ్మిది అవకాశములుండును. ఉత్తీర్ణమైన విషయము లెక్కలో నిలిచియుండును. లెక్కలలో తప్పిన నావంటివారికి ఇంతకంటె గొప్ప ఓదార్పు లేదు.

మా తోటలవారికి ఇందులో మరియొక మేలున్నది. ఆ సంస్థ పరీక్షలు ఏప్రిలు, మే నెలలందొకమారును, అక్టోబరు, నవంబరు నెలలందొకమారును జరుగును. ఏప్రిలు, మే నెలలనిన మాకు కోతకాలము. కాయ కోయుట, ఏరుట, గంపల కెత్తుట – ఇంటిల్లిపాదియు తోటలోనే యుండును. పిల్ల చేత పుస్తకము నిలువదు. అట్టి యిండ్లవారు శరత్కాలపు పరీక్షను ఎంచుకొనవచ్చును. అయితే చేరికకు గడువు పరీక్షకు చాల మాసముల ముందే ముగియును. "చూతములే" అని ఊరుకున్న యింట ఒక యేడు జారిపోవును.

మరియొక నియమము. పది ముగించినదానికిని, పై పరీక్ష ధ్రువపత్రమునకును నడుమ రెండేండ్ల అంతరముండవలెను. పదునెనిమిదవ యేట మేల్కొనిన నావంటి దానికి ఈ రెండేండ్లు బరువే. పదునాలుగవ యేట మొదలిడిన పిల్లకు అవి అనాయాసముగా గడచును. లెక్క వేసికొనుడు: కళాశాలలో చేరవలసిన నాటికి నాలుగేండ్ల ముందు ఇంటివారు మేల్కొనవలెను.

ప్రవేశముల మాట. తోటల చదువు కోరిన మా పొరుగు పిల్లకు జీవశాస్త్రము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము పై పరీక్షలో తప్పక యుండవలెను. వీనికి ప్రయోగపరీక్ష కలదు. ఇంటి పెరటిలో అది సాగదు. కావున అధ్యయనకేంద్రమును ఎంచుకొనునప్పుడే ప్రయోగశాల యున్నదా యని చూడవలెను. అటుపై ఈయేపీసెట్ పరీక్ష. పశ్చిమ గోదావరి జిల్లా వెంకటరామన్నగూడెమున 2007లో స్థాపితమైన ఉద్యాన విశ్వవిద్యాలయమునకు మా నూజివీటిలో మామిడి పరిశోధనాస్థానము కలదు. ఆ పిల్ల కల అచ్చటనే పుట్టినది. కేంద్ర విశ్వవిద్యాలయములను కోరువారికి 2022నుండి ఉమ్మడి ప్రవేశపరీక్ష జరుగుచున్నది. దానిని తెలుగులోను వ్రాయవచ్చును. సంస్కృతము ప్రధానముగా చదువదలచినవారికి తిరుపతిలో, 1961లో విద్యాపీఠముగా మొదలై, 2020లో కేంద్ర విశ్వవిద్యాలయమైన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయము కలదు.

మా యూరిలోనే 2008లో వెలసిన ట్రిపుల్ ఐటీ పదవ తరగతి మార్కులను బట్టియే పిల్లలను చేర్చుకొనును. ఇంటి గుమ్మమునుండి కనబడు విద్యాలయమైనను, ఆ మార్కుల కాగితము లేనిదే లోనికి దారి లేదు. కొన్ని సంస్థలు "రెగ్యులరు" చదువనియు, మొదటి ప్రయత్నముననే ఉత్తీర్ణత యనియు షరతులు పెట్టుచుండును. అందుచేత పిల్ల కోరిన విద్యాలయపు ప్రవేశ ప్రకటనను రెండేండ్ల ముందే తెప్పించి, ఓపెన్ స్కూలువారి అర్హతను గూర్చిన పంక్తిని వేలు పెట్టి చదువుడు. సందేహమున్నచో వ్రాతపూర్వకముగా అడుగుడు. నోటిమాటను నమ్మి యేడు పోగొట్టుకొనవలదు.

పలువురు మరచు కాగితమొకటి కలదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మొదలుకొని మన రాష్ట్రమున ప్రవేశములకు స్థానికత విచారించుట కలదు. బడికి పోయినవారు చదివిన సంవత్సరముల ధ్రువపత్రములు చూపుదురు. ఏ విద్యాసంస్థలోను చదువని కాలమునకు నివాసమే ప్రమాణము. దానికి తహశీల్దారుగారి నివాస ధ్రువపత్రము కావలెను. మా నూజివీడు 2022లో కృష్ణాజిల్లానుండి ఏలూరు జిల్లాకు మారినది గదా. పాత కాగితములలో ఒక జిల్లా, క్రొత్తవానిలో మరియొకటి యుండిన బెదరవలదు గాని, పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ మాత్రము అన్నింటను అక్షరము తేడా లేక యుండవలెను.

దేశాంతరపు విద్యాలయములలో కొన్ని ఇంటి చదువును మరియొక తీరున తూచును. 2016లో ముంబయి బాలిక యొకతె, పదవ, పండ్రెండవ తరగతుల పత్రములు లేకున్నను, అంతర్జాతీయ కంప్యూటరు ఒలింపియాడులలో సాధించిన పతకముల బలమున అమెరికాలోని ఎం.ఐ.టి.లో చేరినదని పత్రికలు కీర్తించినవి. ఆ వార్త చదివి, "మనకును పరీక్ష లేల?" అనిన తలిదండ్రులను నేనెరుగుదును. ఆ బాలిక పతకములును బయటివారు తూచి యిచ్చిన సాక్ష్యమే యని వారు గ్రహింపలేదు. తీరు వేరు, కాటా మాత్రము కలదు. 1982లో హైదరాబాదున వెలసిన మన దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయము, ఆ దినములలో ఇంటరు లేనివారిని కూడ అర్హతాపరీక్షతో బి.ఏ.లో చేర్చుకొనెడిది. ఆనాటి కథలు విని నేడు ఇంటరును విడువరాదు.

రెండు హెచ్చరికలు చేసి ముగించెదను. పరీక్ష వ్రాయకయే పత్రము తెప్పించెదమని పైకము గుంజు దళారులు అన్ని యూళ్లలోను గలరు. ఆ పత్రము నాలుగేండ్ల పిమ్మట పరిశీలనలో తేలిపోయినచో, పిల్ల చదువుతోపాటు ఇంటి పరువును పోవును.

రెండవది మరింత ముఖ్యము. "ఇంటి చదువు" అను మంచి మాటను అడ్డుపెట్టి ఆడపిల్లను పొయ్యి దగ్గరను, చంటిపిల్లల దగ్గరను, తోటకూలిలోను నిలిపి, పదునెనిమిది నిండిన వెంటనే పెండ్లి ముహూర్తము చూచు యిండ్లు కలవు. అది చదువు కాదు. ఇంటి చదువనిన దినమునకు కొన్ని గంటల తీరిక, చెప్పువారొకరు, వ్రాసిన పుస్తకము, ముందున్న పరీక్ష – ఈ నాలుగును ఉండవలెను. ఈ నాలుగింట ఒక్కటియు లేని యింట పిల్ల ఊరక ఆగిపోయినదని అర్థము. ఆగిన పిల్ల తల్లి నొచ్చుకొన్నను సరే, ఈ మాట నేను వ్రాయకుండలేను.

ఆ సాయంకాలము మా వారు బడినుండి వచ్చి, సంగతి విని, దీపము పెట్టువేళకు అమ్మాయిని కూర్చుండబెట్టుకొని లెక్కలలో ఎంతవరకు వచ్చినదో చూచిరి. భిన్నములు బాగుగనే వచ్చును. బీజగణితము మొదటినుండి చెప్పవలెను. వారానికి మూడు దినములు లెక్కలు వారును, తెలుగు నేనును చెప్పునట్లు నిశ్చయించితిమి. శరత్కాలపు పరీక్షకు కట్టవలెనని అమ్మాయియే యెంచుకొన్నది. "వేసవిలో అమ్మ ఒక్కతె అయిపోవును, అత్తయ్యా" అనినది. స్వయంప్రకటనను తన చేతనే వ్రాసినది. క్రింద తల్లి సంతకము పెట్టుచు, "ఇంతేనా వదినగారూ? ఇందులకా నేను నాలుగేండ్లు భయపడితిని!" అనినది.

ఇంతే కాదు, ఇది మొదలు మాత్రమే. కాని మా తాతగారి నాటి ఖాళీ గడి ఆ పిల్ల దరఖాస్తులో ఉండదు.

మీ యిండ్లలో ఇట్టి బాలికలున్నచో, వయస్సును, చదివినదానిని, కోరిన విద్యను తెలుపుచు పత్రిక చిరునామాకు వ్రాయుడు. తెలిసినంతవరకు బదులు చెప్పెదను.

ఇట్లు,
మీ సోదరి